జీతం లేకుండా చేసిన ప్రాజెక్టులు రెజ్యూమెలో ఎక్కడ రాయాలి? (రెండేళ్ల పని, ఒక్క పే స్లిప్పూ లేదు)

#1 · తడిసిన_కీబోర్డు

ఏడాదిగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

డిగ్రీ అయ్యి రెండేళ్లు కావస్తోంది. ఉద్యోగం లేదు. అలాగని పని లేకుండానూ లేను. వీల్‌చెయిర్లు, వాకర్లు, హాస్పిటల్ మంచాలు అవసరమైన వాళ్లకి కొన్నాళ్లపాటు ఉచితంగా ఇచ్చి తిరిగి తీసుకునే ఒక వాలంటీర్ గ్రూపు ఉంది. ఏ వస్తువు ఎవరింట్లో ఉందో వాళ్లు నోటుబుక్కుల్లో రాసుకునేవాళ్లు. వాళ్ల కోసం జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్) వాడి ఒక వెబ్ యాప్ చేశాను. 14 నెలలుగా నేనే చూసుకుంటున్నాను, వాళ్లు రోజూ వాడుతున్నారు.

మధ్యలో తెలిసినవాళ్ల స్టార్టప్‌లో 5 నెలలు చేశాను. ఫండింగ్ రాగానే జీతం అన్నారు. ఫండింగ్ రాలేదు, ఆ తర్వాత కంపెనీయే లేకుండా పోయింది. ఇవి కాక, ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీకి నేను పంపిన 3 కోడ్ మార్పులు (పుల్ రిక్వెస్టులు) ఒప్పుకుని అందులో కలిపారు, అంటే మెర్జ్ అయ్యాయి.

ఇంతా చేసి రెజ్యూమెలో ఉన్నది ఒక్క లైను. "వీల్‌చెయిర్ మేనేజ్‌మెంట్ సిస్టమ్: జాంగో, పోస్ట్‌గ్రెస్, బూట్‌స్ట్రాప్ వాడి చేసిన వెబ్ అప్లికేషన్." అరవై చోట్ల అప్లై చేస్తే ఒక్క కాల్ కూడా రాలేదు.

సలహాలు మాత్రం బాగానే వచ్చాయి. ఒకరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, ఏడాదిన్నర అనుభవం అని రాసేయమన్నారు. ఇంకొకరు జీతం లేని పని ప్రస్తావనే వద్దన్నారు. మూడోవారు పక్కనే "జీతం లేకుండా" అని రాస్తే నిజాయితీగా ఉంటుందన్నారు. ఎవరి మాట వినాలి?

#2 · అడ్జస్ట్_అవ్వాలి

బ్రో, ఇందులో ఆలోచించడానికేం లేదు. స్టార్టప్ పేరు పెట్టు, డిజిగ్నేషన్ పెట్టు, 5 నెలల్ని 14 నెలలకి సాగదీయి. మూతపడిన కంపెనీకి ఎవడు ఫోన్ చేస్తాడు? పని వచ్చా రాదా అన్నదే లెక్క. నీకు వచ్చు. అయిపోయింది.

#3 · హెచ్‌ఆర్_పిన్ని

నేను తొమ్మిదేళ్లుగా రిక్రూట్‌మెంట్‌లో ఉన్నాను. పై సలహా దగ్గరికి తర్వాత వస్తాను, ముందు కీబోర్డు గారికి జవాబు.

రెజ్యూమెలో ఏ ఉద్యోగం పక్కనా జీతం ఎంతో రాయరు కదా. మరి జీతం లేదని మాత్రం ఎందుకు రాయాలి? "జీతం లేకుండా" అని బ్రాకెట్లో పెడితే నిజాయితీ కనిపించదు, క్షమాపణలా కనిపిస్తుంది. చదివేవాళ్లు పని చూడకముందే తక్కువ అంచనా వేసేస్తారు. "వాలంటీర్ డెవలపర్" అని రాయండి. డబ్బు తీసుకోలేదన్న నిజం ఆ మాటలోనే ఉంది, తల దించుకున్నట్టూ ఉండదు.

ఇక ఎక్కడ పెట్టాలి అన్నది. నేనైతే ఒకటే చూస్తాను. ఆ పని మీద ఎవరైనా ఆధారపడ్డారా? మీ సర్వర్ ఆగిపోతే ఎవరైనా మీకు ఫోన్ చేసేవారా? చేసేవారంటే అది అనుభవం, ఎక్స్‌పీరియన్స్ హెడ్డింగ్ కిందే పెట్టండి. మీరొక్కరే చూసుకుని మురిసిపోయేదైతే ప్రాజెక్టు, ప్రాజెక్ట్స్ కిందే ఉండాలి. కోర్సు చూస్తూ చేసిన షాపింగ్ కార్ట్ ఎంత బాగున్నా ప్రాజెక్టే.

#4 · తడిసిన_కీబోర్డు

ఫోన్లా! ఒకసారి ఆదివారం పొద్దున్నే ఏడుసార్లు చేశారు పిన్నిగారూ.

#5 · కామాతప్పింది

అయితే అనుభవమే. మా ఆఫీసులో జీతం తీసుకునే వాళ్లకి కూడా అన్నిసార్లు రావు.

#6 · మళ్లీ_కంపైల్

>> మూతపడిన కంపెనీకి ఎవడు ఫోన్ చేస్తాడు?

నాకు చేశారు. అందుకే చెప్తున్నాను.

నాలుగేళ్ల క్రితం అచ్చం ఇదే పని చేశాను. స్నేహితుడి కంపెనీలో నిజంగానే నాలుగు నెలలు కోడ్ రాశాను, జీతం లేదు. రెజ్యూమెలో ఏడాది అని, ఫుల్ టైమ్ అని రాశాను. మూడు రౌండ్లు దాటాను, ఆఫర్ లెటర్ చేతికొచ్చింది. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసే ఏజెన్సీ నుంచి మెయిల్. చివరి మూడు నెలల పే స్లిప్పులు, జీతం పడ్డ బ్యాంక్ స్టేట్‌మెంట్, రిలీవింగ్ లెటర్. అంతే, పిడుగు పడ్డట్టయింది. రెండు రోజులు ఏవో సాకులు చెప్పాను. చివరికి ఉన్నదున్నట్టు ఒప్పుకుంటే ఆఫర్ వెనక్కి తీసుకున్నారు. ఆ హెచ్‌ఆర్ ఆవిడ ఫోన్లో అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "నాలుగు నెలలు, జీతం లేదు అని రాసినా మిమ్మల్ని తీసుకునేవాళ్లమండీ, ఆ రౌండ్లు మీరు మీ పనితోనే దాటారు."

కోడ్ నాదే, పని నాదే. అబద్ధం ఆ ఎనిమిది నెలలే. దాని కోసం మొత్తం పోగొట్టుకున్నాను.

#7 · అడ్జస్ట్_అవ్వాలి

అన్నా, నీ బ్యాడ్ లక్. నాకు తెలిసిన పదిమంది అలాగే లోపలికెళ్లారు, హాయిగా ఉన్నారు.

#8 · హెచ్‌ఆర్_పిన్ని

హాయిగా ఉన్నారని మీరనుకుంటున్నారు. వెరిఫికేషన్ రిపోర్టు కొన్నిసార్లు చేరిన రెండు మూడు నెలలకి వస్తుంది. అప్పుడు ఉద్యోగమూ పోతుంది, పైగా తర్వాతి చోట "ఎందుకు మానేశారు" అన్నదానికి సరైన జవాబు కూడా ఉండదు. కంపెనీ పేరు, తేదీలు, హోదా, ఈ మూడూ ఎవరైనా తనిఖీ చేసేవే. వీటిని ఒక్క నెల కూడా కదపకండి. పని గురించి మాత్రం ఎంత గట్టిగా చెప్పుకున్నా తప్పులేదు.

దరఖాస్తు ఫారాల్లో "మొత్తం అనుభవం ఎన్నేళ్లు" అని ఒక గడి ఉంటుంది చూశారా, అందరూ బోల్తా పడేది అక్కడే. ఆ గడిలో సాధారణంగా జీతంతో చేసిన కాలమే అడుగుతున్నారనుకోండి. మీ విషయంలో అది సున్నా. సున్నా పెడితే ఫిల్టర్‌లో పోతాననే భయం నాకూ అర్థమవుతుంది. కానీ రెండు అని పెట్టి రౌండ్లన్నీ అయ్యాక బయటపడటం కన్నా ఆ ఫిల్టర్‌లో పోవడమే నయం. ఫ్రెషర్లకి ఉండే పోస్టులకి అప్లై చేయండి. అక్కడ సున్నా పెట్టినవాళ్ల మధ్య 14 నెలలు సర్వర్ నడిపిన మనిషి ఒక్కరే ఉంటారు. ఫారంలో రాసుకోవడానికి చోటుంటే "వాలంటీర్‌గా 14 నెలలు" అని విడిగా రాయండి.

#9 · ఇండెక్స్‌లేనిటేబుల్

ఇంటర్వ్యూలు తీసుకునే వైపు నుంచి రెండు మాటలు. హెడ్డింగ్ గురించి ఇంత చర్చ నడుస్తోంది కానీ నాకు ఆ ఒక్క లైనే కొరుకుడు పడటం లేదు. "జాంగో, పోస్ట్‌గ్రెస్ వాడి చేసిన వెబ్ అప్లికేషన్." ఇది పట్టుకుని నేనేం అడగాలి? జాంగో అంటే ఏమిటని అడగాలా? మీ పక్కన వచ్చే రెండొందల రెజ్యూమెల్లోనూ ఇదే లైను ఉంటుంది, లైబ్రరీ మేనేజ్‌మెంట్ అనో స్టూడెంట్ మేనేజ్‌మెంట్ అనో పేరు మారుతుంది, అంతే.

కీబోర్డు గారూ, ఆ ఆదివారం ఏడు ఫోన్లు ఎందుకొచ్చాయో చెప్పండి. వివరంగా.

#10 · తడిసిన_కీబోర్డు

చెప్పడానికి సిగ్గుగా ఉంది, తప్పు నాదే.

వస్తువు తిరిగివ్వాల్సిన తేదీ దగ్గరపడితే తీసుకున్నవాళ్లకి ఎస్సెమ్మెస్ వెళ్లే ఏర్పాటు పెట్టాను. కొన్నాళ్లు బాగానే నడిచింది. పేజీలు నెమ్మదిగా వస్తున్నాయని శనివారం రాత్రి గునికార్న్ వర్కర్లని (సర్వర్‌లో యాప్‌ని నడిపే ప్రాసెస్‌లు) ఒకటి నుంచి మూడుకి పెంచాను. పొద్దున్నే ఒక్కొక్కరికీ అదే మెసేజ్ మూడుసార్లు వెళ్లింది. అందులో ఒక ఇంట్లో మంచం వాడుతున్న పెద్దాయన ముందురోజే పోయారు. వాళ్లకీ మూడు మెసేజ్‌లు. కోఆర్డినేటర్ నాకు ఫోన్ చేసి తిట్టలేదు, ఏం జరిగిందని మాత్రం అడిగారు. తిట్టినా బాగుండేది.

కారణం దొరకడానికి సాయంత్రం దాకా పట్టింది. వేళకి మెసేజ్‌లు పంపే షెడ్యూలర్‌ని యాప్ మొదలయ్యే చోటే స్టార్ట్ చేశాను. మూడు వర్కర్లంటే మూడు ప్రాసెస్‌లు, ఒక్కో దాంట్లో ఒక్కో షెడ్యూలర్. ముగ్గురూ ఎవరికి వారు తొమ్మిదింటికి లేచి మెసేజ్ పంపేశారు. షెడ్యూలర్‌ని యాప్‌లోంచి తీసేసి విడిగా నడిచే మేనేజ్‌మెంట్ కమాండ్‌గా రాసి, సర్వర్‌లో వేళకి పనులు నడిపే క్రాన్‌లో పెట్టాను. అయినా నమ్మకం కుదరక, రిమైండర్ల టేబుల్‌లో లోన్ ఐడీ (అరువు నంబరు), తేదీ కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (అదే జత రెండోసారి రాకూడదన్న నియమం) పెట్టి, ముందు వరుస రాశాకే మెసేజ్ వెళ్లేలా మార్చాను. ఇప్పుడు క్రాన్ పొరపాటున రెండుసార్లు నడిచినా రెండో వరుసని డేటాబేసే ఒప్పుకోదు. ఎవరైనా చనిపోయారని తెలిస్తే వాలంటీర్ ఒక్క బటన్‌తో ఆ ఇంటికి మెసేజ్‌లు ఆపేసే వీలు కూడా ఆ వారమే పెట్టాను.

#11 · ఇండెక్స్‌లేనిటేబుల్

ఇంత కథ పెట్టుకుని, పేజీల రూపానికి వాడే బూట్‌స్ట్రాప్ అని రాశారా!

మీరు పై పోస్టులో చెప్పినది రెజ్యూమెలో ఉంటే ఇంటర్వ్యూలో పదిహేను నిమిషాలు దాని మీదే గడుస్తాయి, అదీ మీకు బాగా తెలిసిన చోట. ముందు వరుస రాసి తర్వాత మెసేజ్ పంపితే, మధ్యలో ప్రాసెస్ చచ్చిపోతే ఏమవుతుంది అని అడుగుతాను. మెసేజ్ అసలు వెళ్లదు. రెండుసార్లు వెళ్లడం కన్నా ఒకసారి వెళ్లకపోవడమే మేలని ఎందుకు అనుకున్నారు అని అడుగుతాను. దానికి మీ దగ్గర పుస్తకంలో లేని జవాబు ఉంది.

రెజ్యూమె ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి మాటలు మీరు మార్చుకోండి, సారం ఇదీ: "వర్కర్ల సంఖ్య పెంచగానే రిమైండర్ మెసేజ్‌లు మూడేసిసార్లు వెళ్లాయి, ప్రతి ప్రాసెస్‌లో విడి షెడ్యూలర్ నడుస్తోందని కనుక్కుని క్రాన్‌కి మార్చాను, డేటాబేస్ కన్‌స్ట్రెయింట్‌తో మళ్లీ జరగకుండా చేశాను." తప్పు మీదేనన్న సంగతి దాచక్కర్లేదు. నిజంగా వాడే సాఫ్ట్‌వేర్‌లోనే ఇలాంటివి జరుగుతాయి, ఎవరూ వాడని డెమోలో మెసేజ్‌లు ఎవరికెళ్తాయి కనుక.

#12 · హెచ్‌ఆర్_పిన్ని

దీనితోపాటు అంకెలు కూడా ఇవ్వండి. ఎంతమంది వాడుతున్నారు, ఎన్ని వస్తువులు, ముందు ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది. నాకు కోడ్ తెలియదు. నేను అర్థం చేసుకోగలిగేది అదొక్కటే, మీ రెజ్యూమె ముందు నా చేతుల్లోంచే వెళ్తుంది మరి.

#13 · తడిసిన_కీబోర్డు

వాడేది 9 మంది వాలంటీర్లు. వస్తువులు 340. నోటుబుక్కులోంచి ఎక్కించినప్పుడు 41 వస్తువులు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియలేదు. రిమైండర్లు మొదలయ్యాక అందులో 26 వెనక్కొచ్చాయి. అంతా చిన్న చిన్న అంకెలు, రాస్తే నవ్వరా? అందరూ లక్షల యూజర్లు అని రాస్తారు కదా.

#14 · కామాతప్పింది

లక్షల యూజర్లు అని రాసినవాళ్లలో సగం మంది ఆ లక్షల్లో ఒకరు, అంతే. 340 రాయండి.

#15 · దారినపోయే_దానయ్య

మధ్యలో వస్తున్నందుకు సారీ. కీబోర్డు గారి ప్రొఫైల్‌లో ఉన్న డెమో లింక్ తెరిచాను. లాగిన్ లేకుండానే లిస్ట్ పేజీ వచ్చింది. అందులో పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. చూడటానికి నిజమైనవే అనిపిస్తున్నాయి. గిట్‌హబ్ రెపోలో (మీ కోడ్ పెట్టిన చోట) కూడా ఒక సీఎస్‌వీ (డేటా పట్టిక) ఫైల్ ఉంది.

ముందు ఆ పని చూడండి. రెజ్యూమె తర్వాత.

#16 · తడిసిన_కీబోర్డు

అయ్యో. డెమో ఆపేశాను. మొదట్లో టెస్టింగ్ కోసం అసలు డేటానే కాపీ చేశాను, మార్చడం మర్చిపోయాను. సీఎస్‌వీ కూడా డిలీట్ చేసి పుష్ చేశాను. చేతులు వణుకుతున్నాయి.

#17 · దారినపోయే_దానయ్య

కంగారు పడకండి, కానీ ఇంకా అయిపోలేదు. ఇప్పుడు డిలీట్ చేసినా పాత కమిట్‌లో (అప్పట్లో సేవ్ చేసిన మార్పులో) ఆ ఫైల్ అలాగే ఉంటుంది, హిస్టరీ తెరిస్తే కనిపిస్తుంది. రెపోని ఇప్పుడే ప్రైవేట్ చేయండి. తర్వాత గిట్ ఫిల్టర్-రెపో అనే టూల్‌తో ఆ ఫైల్‌ని హిస్టరీ అంతటి నుంచీ తీసేయొచ్చు. మీరొక్కరే రాసిన రెపో కాబట్టి కోడ్ మాత్రం కొత్త రెపోలోకి తీసుకెళ్లి పాతది మూసేయడం ఇంకా తేలిక, కాకపోతే 14 నెలల కమిట్‌లు పోతాయి. మీకు కావాల్సింది ఆ కమిట్‌లే కనుక ఫిల్టర్-రెపోనే నేర్చుకోండి. పనిలో పని, ఎస్సెమ్మెస్ గేట్‌వే కీ (మెసేజ్‌లు పంపే సర్వీసుకి పాస్‌వర్డ్ లాంటిది) ఎప్పుడైనా కమిట్‌లోకి వెళ్లిందేమో వెతకండి. వెళ్లి ఉంటే తీసేయడం సరిపోదు, కీ మార్చాలి. ఒకసారి బయటికెళ్లిన కీ వెళ్లిపోయినట్టే.

డెమోకి కల్పిత పేర్లు పుట్టించే ఫేకర్ లైబ్రరీ ఉంది. దాంతో ఓ వంద వరుసలు నింపండి. గ్రూపు కోఆర్డినేటర్‌కి కూడా జరిగింది చెప్పండి, ఆ నంబర్లు వాళ్లని నమ్మి జనం ఇచ్చినవి.

#18 · తడిసిన_కీబోర్డు

కోఆర్డినేటర్‌కి చెప్పాను. ఈసారి తిట్టారు.

కీ కూడా ఒక పాత కమిట్‌లో దొరికింది. మార్చేశాను. మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు దానయ్యగారూ.

#19 · ప్యాచ్_పెద్దయ్య

ఓపెన్ సోర్స్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను అందుకుంటాను.

జీతం లేని పని అంటే తక్కువ పని అన్న భావన మన రంగంలో ఎలా నాటుకుందో నాకు అర్థం కాదు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని 1991లో లైనస్ టోర్వాల్డ్స్ హాబీగానే మొదలుపెట్టాడు. అంత దూరం ఎందుకు, 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ గొడవ గుర్తుందా? ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లలో ఉండే కంప్రెషన్ లైబ్రరీ. దాన్ని ఏళ్ల తరబడి ప్రధానంగా ఒక్కడే, జీతం లేకుండా చూసుకున్నాడు. సాయం చేస్తానని వచ్చి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించినవాడు అందులో బ్యాక్‌డోర్ (దొంగదారి) పెట్టాడు. పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్, ఎస్ఎస్‌హెచ్ లాగిన్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లడం) అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని తవ్వితే బయటపడింది. జీతం లేని ఒక్క మనిషి మీద ఎంతమంది ఆధారపడ్డారో అప్పటిదాకా ఎవరికీ పట్టలేదు.

అలాగని ప్రతి పుల్ రిక్వెస్టూ గొప్పది కాదు. 2020లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ (ఓపెన్ సోర్స్‌కి పుల్ రిక్వెస్టులు పంపినవాళ్లకి టీషర్టు ఇచ్చిన కార్యక్రమం) అప్పుడు టీషర్టు కోసం రీడ్‌మీల్లో (ప్రాజెక్టు పరిచయ ఫైళ్లలో) ఒక్కో మాట మార్చి పంపినవాళ్ల తాకిడికి నిర్వాహకులే నిబంధన మార్చాల్సొచ్చింది, ఒప్పుకున్న రెపోలే లెక్కలోకి వస్తాయని. అప్పట్లో నేను చూసుకునే చిన్న లైబ్రరీకి కూడా ఒకే రోజు "అమేజింగ్ ప్రాజెక్ట్" అని చేర్చినవి పదకొండు వచ్చాయి. అవి రెజ్యూమెల్లోకి కూడా ఎక్కి ఉంటాయి, సందేహం లేదు.

మీ మూడూ ఏమిటి?

#20 · తడిసిన_కీబోర్డు

రెండు డాక్యుమెంటేషన్‌వి, ఉదాహరణ కోడ్ పాతబడితే సరిచేశాను. మూడోది తేదీల లెక్కలో బగ్. ఫిబ్రవరి 29కి ఏడాది కలిపితే ఎర్రర్ ఇచ్చేది. టెస్టు రాసి సరిచేశాను. రివ్యూలో నాలుగుసార్లు తిప్పి పంపారు, మెర్జ్ అయ్యేసరికి ఆరు వారాలు.

#21 · ప్యాచ్_పెద్దయ్య

మూడోది ఒక్కటే రాయి నాయనా. ఆ నాలుగు రౌండ్ల రివ్యూ లింక్ అక్కడే ఇవ్వు. ముక్కూమొహం తెలియని వాళ్లు నీ కోడ్‌లో తప్పులు పడితే నువ్వెలా మాట్లాడావో అందులో ఉంటుంది. నేను మనుషుల్ని తీసుకునేటప్పుడు కోడ్ కన్నా ముందు ఆ సంభాషణే చదువుతాను. "మూడు పుల్ రిక్వెస్టులు" అని అంకె వేస్తే మిగతా రెండూ తెరిచి చూసి, దాన్ని కూడా తేలిగ్గా తీసుకుంటారు.

ఇంకోటి. నీ కంప్యూటర్‌లో గిట్‌కి ఇచ్చిన ఈమెయిలూ, గిట్‌హబ్ ఖాతాలో ఉన్న ఈమెయిలూ ఒకటేనా చూసుకో. వేరైతే ఆ కమిట్‌లు నీ ప్రొఫైల్‌కి అంటవు. ఆ పాత ఈమెయిల్‌ని ఖాతాకి జోడిస్తే సరిపోతుంది.

#22 · కామాతప్పింది

ఫార్మాట్ సంగతి కూడా అనేస్తాను, చిన్నదే. మీ పీడీఎఫ్ తెరిచి మొత్తం సెలెక్ట్ చేసి కాపీ కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ గజిబిజిగా వస్తే కంపెనీల సాఫ్ట్‌వేర్‌కి కూడా అలాగే కనిపించే ప్రమాదం ఉంది. రెండు కాలమ్‌ల టెంప్లేట్లలో మామూలుగా ఇదే తంటా, ఎడమ పక్క లైనూ కుడి పక్క లైనూ కలిసిపోతాయి. స్కిల్స్‌కి పట్టీలు గీసి "జావాస్క్రిప్ట్ 85 శాతం" అని పెట్టకండి. ఆ మిగతా 15 ఏమిటని ఒకసారి ఒకరిని అడిగాను, పాపం చాలాసేపు ఆలోచించారు.

#23 · తడిసిన_కీబోర్డు

నాకూ ఉన్నాయి ఆ పట్టీలు. తీసేస్తున్నా.

స్టార్టప్ సంగతి మిగిలిపోయింది. ఆఫర్ లెటర్ లేదు, మెసేజ్‌లు తప్ప కాగితం లేదు. కోడ్ వాళ్ల ప్రైవేట్ రెపోలో ఉంది, ఇప్పుడు నాకు యాక్సెస్ లేదు. నా లాప్‌టాప్‌లో ఒక కాపీ ఉంది. పబ్లిక్‌లో పెట్టొచ్చా?

#24 · మళ్లీ_కంపైల్

పెట్టకండి. జీతం ఇవ్వకపోయినంత మాత్రాన కోడ్ మీ సొంతమై పోదు. ఏం రాసుకున్నారో, ఏం ఒప్పుకున్నారో బట్టి ఉంటుంది, తేలేదాకా అది వాళ్లదే అనుకుని నడుచుకోండి. ఇంటర్వ్యూలో పాత కంపెనీ కోడ్ తెరిచి చూపించేవాళ్లని చూస్తే రేపు మా కోడ్ కూడా ఇలాగే చూపిస్తారు కదా అనిపిస్తుంది. ఏం కట్టారో నోటితో చెప్పండి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పండి, చాలు.

ఫౌండర్‌తో ఇప్పటికీ మాటలున్నాయా? ఉంటే ఒక మెయిల్ అడగండి. ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా, డెవలపర్‌గా, జీతం లేకుండా, ఈ పని చేశారు అని నాలుగు లైన్లు. కంపెనీ లేకపోయినా మనిషి ఉన్నాడు కదా. నేను రెండోసారి ఇలాగే చేశాను, వెరిఫికేషన్‌లో ఆ మెయిలే ఇచ్చాను, ఎవరూ ఏమీ అనలేదు.

#25 · హెచ్‌ఆర్_పిన్ని

ఇంటర్వ్యూలో ఆ స్టార్టప్ గురించి అడిగితే కడుపులో ఉన్నదంతా కక్కేయకండి. "పెట్టుబడి రాలేదు, మూసేశారు, నేను చేసిన భాగం ఇదీ." ఇంతే. జీతం వచ్చేదా అని నేరుగా అడిగితే లేదనండి, ఒక్క మాటలో. ఆ బాధ న్యాయమైనదే, కానీ అవతలివాళ్లు పది నిమిషాలు మీ పాత యజమాని గురించి వింటే మీ గురించి వినే టైమ్ అయిపోతుంది.

వీల్‌చెయిర్ గ్రూపు కోఆర్డినేటర్ దగ్గర కూడా ఒక ఉత్తరం తీసుకోండి. తిట్టిన కోపం తగ్గాక.

#26 · తడిసిన_కీబోర్డు

నాలుగు రోజులు పట్టింది. ఇదీ కొత్త రూపం, సారం తెలుగులో పెడుతున్నా.

ఎక్స్‌పీరియన్స్ హెడ్డింగ్ కింద మొదటిది: "వాలంటీర్ డెవలపర్, వైద్య పరికరాలు అరువిచ్చే సేవా గ్రూపు, 14 నెలలు, కొనసాగుతోంది." దాని కింద మూడు లైన్లు. 9 మంది రోజూ వాడే, 340 వస్తువుల లెక్క చూసే యాప్‌ని మొదటి నుంచీ కట్టి, నడుపుతున్నాను. ఆచూకీ తెలియని 41 వస్తువుల్లో 26 వెనక్కి రప్పించాను. మెసేజ్‌ల సంగతి, ఇండెక్స్ గారు చెప్పినట్టే.

రెండోది స్టార్టప్, డెవలపర్, 5 నెలలు, సంస్థ మూతపడింది అని. ఫౌండర్ మెయిల్ ఇచ్చారు, అడగ్గానే. తర్వాత ఓపెన్ సోర్స్, ఫిబ్రవరి 29 ఒక్కటే. బూట్‌స్ట్రాప్ పోయింది, పట్టీలు పోయాయి. మొత్తం ఒక పేజీ.

#27 · ఇండెక్స్‌లేనిటేబుల్

చాలా నయం. ఒక్క మాట మీద మాత్రం నాకు అభ్యంతరం. "26 వెనక్కి రప్పించాను." మీరా? మీ మెసేజ్‌లా? వాలంటీర్లు ఫోన్లు చేయలేదా? అడిగితే ఏం చెప్తారు?

#28 · తడిసిన_కీబోర్డు

చేశారు. ఎవరికి చేయాలో లిస్ట్ యాప్ ఇచ్చేది, చేసింది వాళ్లే. "రిమైండర్లు, గడువు దాటిన వాళ్ల జాబితా పెట్టాక వాలంటీర్లు 26 వస్తువులు వెనక్కి తేగలిగారు" అంటే సరేనా?

#29 · ఇండెక్స్‌లేనిటేబుల్

సరే. పైగా ఇదే ఎక్కువ నమ్మేలా ఉంది.

#30 · అడ్జస్ట్_అవ్వాలి

సరే, మీరంతా కలిసి నన్ను విలన్‌ని చేశారు. కానీ ఒకటి చెప్పండి. ఇంత నిజాయితీగా రాసినవాళ్లకి కాల్స్ వస్తాయా? ఫిల్టర్‌లోనే పోతే ఈ యూనిక్ కన్‌స్ట్రెయింట్ కథ ఎవరికి చెప్పుకుంటారు?

#31 · హెచ్‌ఆర్_పిన్ని

ఆ ప్రశ్న న్యాయమైనదే, కాదనను. పోర్టల్‌లో వేసి కూర్చుంటే చాలావరకు రావు. అందుకే పోర్టల్ ఒక్కటే నమ్ముకోవద్దు. చిన్న కంపెనీలకి నేరుగా రాయడం, తెలిసినవాళ్ల రెఫరల్ అడగడం, ఆ ఓపెన్ సోర్స్ రివ్యూ చేసినవాళ్లని పలకరించడం, ఇవన్నీ చేయాలి. కష్టమే.

#32 · తడిసిన_కీబోర్డు

మూడు వారాల తర్వాత వస్తున్నాను. కొత్త రెజ్యూమెతో 22 చోట్ల పంపాను, అందులో 6 నేరుగా మెయిల్. రెండు కాల్స్ వచ్చాయి, రెండూ మెయిల్ పంపిన వాటి నుంచే. పోర్టల్ నుంచి సున్నా. అడ్జస్ట్ బ్రో, ఆ మాట మీదే రైటు.

ఒక ఇంటర్వ్యూ నిన్న అయ్యింది. మెసేజ్ వెళ్లే ముందు ప్రాసెస్ చచ్చిపోతే ఏంటి అని నిజంగానే అడిగారు! చెప్పాను. ఆ పెద్దాయన సంగతీ చెప్పాల్సొచ్చింది, కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అడిగింది నేను ఊహించలేదు. "మీరు ఉద్యోగంలో చేరితే ఆ యాప్‌ని ఎవరు చూసుకుంటారు?" నా దగ్గర జవాబు లేదు. ఇంకా ఆలోచించలేదని చెప్పాను. ఫలితం వచ్చే వారం అన్నారు.

#33 · ప్యాచ్_పెద్దయ్య

మంచి ప్రశ్న అడిగారు. ఎక్స్‌జెడ్‌ని ఒంటరిగా చూసుకున్నవాడి విషయంలో లోకం పట్టించుకోని ప్రశ్న.

#34 · కొత్తగా_చేరా

నమస్తే, ఈ థ్రెడ్ వెతుకులాటలో దొరికింది. మేము కూడా ఇలాగే ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు అరువిస్తాం, లెక్కలన్నీ స్ప్రెడ్‌షీట్‌లో. రెపో మళ్లీ పబ్లిక్ అయ్యింది, చూశాను. లైసెన్స్ ఫైల్ మాత్రం లేదు. మేము వాడుకోవచ్చా? నాకు పైథాన్ కొంచెం వచ్చు.

#35 · దారినపోయే_దానయ్య

లైసెన్స్ లేకపోతే చూడొచ్చు కానీ వాడుకునే హక్కు ఉన్నట్టు కాదు. కీబోర్డు గారూ, ఒక ఫైల్ పెట్టండి.

#36 · తడిసిన_కీబోర్డు

ఎంఐటీ లైసెన్స్ (ఎవరైనా వాడుకోవచ్చనేది) పెట్టాను, ఇప్పుడే పుష్ అయ్యింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎక్కడ ఆగినా రెపోలో ఇష్యూ తెరిచి సమస్య రాయండి. రీడ్‌మీలో మూడో స్టెప్ తప్పుగా ఉందని నాకే అనుమానం, ముందు అదే చూసి చెప్పండి.